మోనే గడ్డివాములు చూసి మన చెరువు కట్టను ఎట్లా గీయాలి?

కాజీపేట కుంచె:

అందరికీ నమస్తే. నేను రైల్వేలో పనిచేస్తాను, ఉండేది కాజీపేట. డ్యూటీ లేని రోజు వాటర్ కలర్ సామాను బ్యాగులో వేసుకుని ధర్మసాగర్ చెరువు వైపో, వరంగల్ కోట వైపో బండి మీద పోయి బొమ్మలు వేస్తుంటాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. యూట్యూబ్, రెండు మూడు పుస్తకాలు, అంతే.

ఈమధ్య పెద్ద చిత్రకారుల ల్యాండ్‌స్కేపులు చూసే పిచ్చి పట్టింది. మ్యూజియంల వాళ్లు పెద్ద సైజు ఫోటోలు ఫ్రీగా పెడుతున్నారు కదా, జూమ్ చేస్తే కుంచె గీత కూడా కనిపిస్తుంది. ఫ్రాన్స్ చిత్రకారుడు మోనే గడ్డివాములు, ఇంగ్లండ్ చిత్రకారుడు కాన్‌స్టేబుల్ మబ్బులు, ఫ్రాన్స్ ఆయనే సెజాన్ కొండ చూస్తుంటే నిద్ర రాదు. ఎప్పుడు తెల్లారుతుందా, ఎప్పుడు బయటికి పోదామా అనిపిస్తుంది. తీరా చెరువు కట్ట మీద కూర్చుని వేస్తే బొమ్మ మంచిగానే వస్తుంది గానీ, అది మా ధర్మసాగర్ లెక్క ఉండట్లేదు. నీడలు పొడుగ్గా, నీలంగా పడుతున్నాయి. చెట్లు గుండ్రంగా, మెత్తగా వస్తున్నాయి. మా మేనమామ చూసి "మస్తుంది రా, ఏ ఊరిది?" అని అడిగాడు. ఆయన పుట్టి పెరిగింది ఆ కట్ట కిందనే.

గొప్ప బొమ్మలు చూస్తూనే మన ఊరిని మన ఊరిలాగా వేయడం ఎట్లా? కొన్నాళ్లు వాటిని చూడటం బంద్ చేయాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మానేరు గట్టు:

అన్నా, నా సలహా అయితే బంద్ చేయండి. నేను కరీంనగర్‌లో ఎల్‌ఎండీ (లోయర్ మానేరు డ్యామ్) కట్ట మీద వేస్తాను. ఇంకొకరి బొమ్మ కళ్లలో ఉన్నంతసేపు ఎదురుగా ఉన్న నీళ్లు కనపడవు. ఫోన్ ఇంట్లో పెట్టి పోండి, ఉన్నది ఉన్నట్టు వేయండి. మన చెరువుకు మనమే గురువు.

నర్సంపేట డ్రాయింగ్ టీచర్:

కరీంనగర్ తమ్ముడి మాట సగం ఒప్పుకుంటాను. బయటికి పోయినప్పుడు ఫోన్ ఇంట్లో పెట్టడం మంచిదే. కానీ గొప్ప బొమ్మలు చూడటం ఆపొద్దు. నేను సర్కారు బడిలో డ్రాయింగ్ చెప్పి రిటైర్ అయిన దాన్ని. పాకాల చెరువు మాకు దగ్గరే, ఇప్పటికీ పోయి వేస్తుంటాను. ఉన్నది ఉన్నట్టు వేయమంటే పిల్లలు ఏం చేస్తారో నాకు బాగా తెలుసు. రెండు కొండలు, నడుమ సూర్యుడు, కింద వంకర బాట, పక్కన గుడిసె. కిటికీలోంచి చూస్తే ఒక్క కొండ లేని ఊళ్లో కూడా అదే బొమ్మ. ఎవరి బొమ్మలూ చూడకపోతే మనసులో ఏమీ ఉండదనుకుంటాం గానీ, క్యాలెండర్ బొమ్మ వచ్చి కూర్చుంటుంది. దాన్ని తీసేయగలిగేది ఇంకా మంచి బొమ్మే.

కాజీపేట బిడ్డా, మీ మేనమామ అడిగినదానికి జవాబు ఎండలో ఉంది. మోనే ఉన్న ఊరు, ఫ్రాన్స్‌లోని జివెర్నీ 49 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంటుంది, మన వరంగల్ 18 దగ్గర. అక్కడ చలికాలంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు పైకి రాడు, ఒక పక్కకు వాలే ఉంటాడు. 1890, 91లో ఆయన వేసిన గడ్డివాముల్లో నీడలు అంత దూరం సాగేది అందుకే. మంచు మీద పడిన నీడ పై నుంచి ఆకాశం రంగు పట్టుకుంటుంది కాబట్టి నీలంగా ఉంటుంది. ఆయన కల్పించింది కాదు, అక్కడ అట్లనే ఉంటుంది. మన దగ్గర మే నెల నడుమ ఒకసారి, జూలై ఆఖరున ఇంకోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. అప్పుడు పన్నెండు గంటలకు తాటిచెట్టు కింద చూడు. నీడ బాటలోకి సాగదు, మొదలు చుట్టూనే పడి ఉంటుంది. ఎర్రచెల్క అయితే ఆ నీడలో నీలం కన్నా ఇటుక రంగే ఎక్కువ, ఎందుకంటే చుట్టూ ఎండలో కాలుతున్న మట్టి వెలుగు ఆ నీడలోకి కొడుతుంది. నువ్వు వేసిన నీడలు జివెర్నీవి, మట్టి ధర్మసాగర్‌ది. మీ మేనమామ కంటికి పట్టింది అదే. ఆయన పేరు పెట్టి చెప్పలేకపోవచ్చు, కానీ ఆయన చూపు గట్టిది.

మరి మోనే దగ్గర తీసుకునేది ఏంది? పద్ధతి. ఆ గడ్డివాముల మీద ఆయన 25 దాకా కాన్వాసులు వేశాడు. ఇంటి పక్క పొలమే, వెతుక్కుంటూ ఎక్కడికీ పోలేదు. వెలుగు మారగానే ఆ కాన్వాసు పక్కన పెట్టి ఇంకోటి అందుకునేవాడు, మళ్లీ ఆ వెలుగు వచ్చిన రోజే మొదటిది తీసేవాడు. మనం కూడా అట్లా చేయొచ్చు. కాకపోతే మన దగ్గర పొద్దు తొందరగా గూకుతుంది, సందెవెలుగు వాళ్లకు నిలిచినంతసేపు మనకు నిలవదు. కాబట్టి పెద్ద కాగితం పనికిరాదు. పోస్టుకార్డు అంత ముక్కలు కోసి పెట్టుకో. బెంగాల్ చిత్రకారుడు నందలాల్ బోస్ అంతటాయన పోస్టుకార్డుల మీద లెక్కలేనన్ని స్కెచ్‌లు వేశాడు, చిన్న కాగితం అని నామోషీ పడేది లేదు.

ఇంకో సంగతి, నాకు చాలా ఇష్టమైనది. కాన్‌స్టేబుల్‌ను నువ్వు మబ్బుల కోసం చూస్తున్నావు. ఆయన కుర్రతనంలో ఏం చూసి నేర్చుకున్నాడో కూడా చూడు. క్లాడ్ లోరేన్ అని 17వ శతాబ్దపు చిత్రకారుడు, పుట్టింది ఫ్రాన్స్ వైపు, బతికింది రోములో. ఆయన వేసిన 'హేగర్, దేవదూత' అనే చిన్న బొమ్మ జార్జ్ బ్యూమాంట్ అనే దొర దగ్గర ఉండేది. కాన్‌స్టేబుల్ దాన్ని ఆయన దగ్గరే చూశాడు, గుండెలో పెట్టుకున్నాడు. 1802లో తన ఊరి దగ్గరి డెడమ్ లోయను వేసినప్పుడు క్లాడ్ బొమ్మ కట్టుబడినే తీసుకున్నాడు. పక్కన ఎత్తైన చెట్లు, నడుమ నుంచి దూరానికి పోయే చూపు. మళ్లీ 1828లో అదే చోటును అదే కట్టుబడితో పెద్దగా వేశాడు. అయితే ఆ ఆకులు ఇటలీవి కావు, ఆ తడి ఇటలీది కాదు, ఆ ఆకాశం అసలే కాదు. అస్థిపంజరం క్లాడ్‌ది, రక్తమాంసాలు తన ఊరివి. మబ్బుల స్కెచ్‌లు కూడా చూడు. 1821, 22లో లండన్ పక్క హాంప్‌స్టెడ్‌లో వేసినవాటి వెనుక తారీఖు, వేళ, గాలి ఎటు వీస్తున్నది రాసి పెట్టుకున్నాడు. మనమైతే జూన్ మొదటి వాన ముందు నైరుతి నుంచి వచ్చే మబ్బును వేసి వెనక అట్లా రాసుకుంటే, రెండేళ్లలో మన ఆకాశం మనకు నోటికి వచ్చేస్తుంది.

నువ్వు చేయాల్సిన పని చెప్తాను. నీకు నచ్చిన బొమ్మ ఫోటోను ఫోన్‌లోనే బ్లాక్ అండ్ వైట్ చెయ్. రంగు పోవాలి. తరువాత పెన్సిల్‌తో, అరచేయి అంత సైజులో, చీకటి ఎక్కడ, వెలుగు ఎక్కడ, నడిమి ఛాయ ఎక్కడ, ఈ మూడే దింపుకో. ఆకులూ గీకులూ వద్దు. సంగీతం నేర్చుకునేవాళ్లకు సరళీ స్వరాల్లాంటిది ఇది. వాన్ గో కూడా 1889, 90ల్లో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, తనకంటే ముందు తరం ఫ్రాన్స్ చిత్రకారుడు మిలే బొమ్మలను ఎన్నింటినో మళ్లీ వేశాడు. ఆయన ముందున్నవి నలుపు తెలుపు అచ్చు బొమ్మలు. రంగులన్నీ తన సొంతంగా పెట్టుకోవాల్సి వచ్చింది, అందుకే అవి మిలేవి కాకుండా వాన్ గోవి అయ్యాయి. నువ్వు కూడా రంగును జూమ్ చేసి చూడటం కొన్నాళ్లు తగ్గించు, ఛాయలు చూడు. రంగు ధర్మసాగరే ఇస్తుంది.

మన దగ్గరివాళ్లను కూడా చూడు. కొండపల్లి శేషగిరిరావు గారు అప్పటి మన వరంగల్ జిల్లా పెనుగొండలో 1924లో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని వచ్చి హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చెప్పారు. మన బండరాళ్లను ఎంత ప్రేమగా వేశారో చూస్తే, కాజీపేట చుట్టూ ఉన్న గుట్టలను మళ్లీ మొదటిసారి చూసినట్టుంటుంది. నేర్చుకున్నది బెంగాల్‌లో. వేసింది దక్కన్ రాయిని.

కాజీపేట కుంచె:

మేడం, మీ రిప్లై ప్రింట్ తీసి పెట్టుకున్నాను. బ్లాక్ అండ్ వైట్ సంగతి రాత్రే చేసి చూశాను. కాన్‌స్టేబుల్ వేసిన 'హే వెయిన్' అనే బొమ్మలో అసలు వెలుగు ఇంత తక్కువ చోట ఉందని రంగులో ఉన్నప్పుడు నాకు కనిపించలేదు. నీళ్ల మీద కొంచెం, దూరంగా పొలం మీద కొంచెం. మిగతాదంతా నడిమి ఛాయే.

ఇంకా మూడు డౌట్లు. ఒకటి, బండలు. హనుమకొండ పద్మాక్షి గుట్ట వేస్తే ఆలుగడ్డల కుప్పలాగా వస్తున్నది. రెండు, వరి పచ్చ. ట్యూబులో గ్రీన్ వేస్తే ప్లాస్టిక్ లెక్క ఉంటుంది. మూడు, ఏప్రిల్, మే వస్తే రంగు కాగితం మీద పెట్టేలోపే ఎండిపోతుంది. ఏం చేయాలి?

చేర్యాల దారి:

నడుమ వస్తున్నందుకు ఏమనుకోకండి. గొప్ప బొమ్మలంటే అందరం ఫ్రాన్స్, ఇంగ్లండ్ వైపు చూస్తున్నాం. మాది చేర్యాల పక్క ఊరు. మేము పటాలు వేసే నకాషీలం కాదు గానీ, చిన్నప్పుడు మార్కండేయ పురాణం పటం విప్పి కథ చెప్పడం చూశాను. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి పట్టించి ఆరబెట్టి, దాని మీద వేస్తారు. మూడడుగుల వెడల్పు ఉంటుంది, పొడవు మాత్రం పదుల అడుగులు. కథ నడిచినకొద్దీ విప్పుతూ పోతారు.

అందులో వెనక అంతా ఎరుపే. ఆకాశం లేదు, దూరం లేదు, నేల అంచు లేదు. చెట్టు కావాల్సిన చోట ఒక చెట్టు, ఏరు కావాల్సిన చోట అలల గీతలు. అయినా అది మన నేలే అని ఎవరైనా చెప్తారు. ఆ ఎరుపు ఏందో ఎండాకాలం చెల్కలో నిలబడితే అర్థమైతది. మీరు వాటర్ కలర్ వేసేవాళ్లు తెల్ల కాగితం నుంచి మొదలుపెడతారు కదా, ఒకసారి కాగితం మొత్తానికి పలుచగా కావి రంగు పూసి, అది ఆరాక దాని మీద వేసి చూడండి. ల్యాండ్‌స్కేప్ అనే మాట వాళ్లకు అక్కర్లేకపోయింది, కానీ స్థలాన్ని అమర్చడంలో వాళ్లు ఎవరికీ తక్కువ కాదు.

నర్సంపేట డ్రాయింగ్ టీచర్:

చేర్యాల దారి గారు చెప్పింది బంగారం లాంటి మాట. కాగితానికి కావి పూయడం నేను కూడా చేస్తాను, ముఖ్యంగా కోతలు అయిపోయి మోళ్లు మిగిలిన పొలాలకు. తెల్లవెలుగు కావాల్సిన చోట మాత్రం పూయకుండా ముందే వదిలేయాలి, లేదంటే తరువాత తెలుపు పెయింట్ పెట్టి తిప్పలు పడాలి.

బండల సంగతి విడమరిచి చెప్తాను, ఎందుకంటే ఇది మన జిల్లాల సొత్తు. మన గ్రానైటు 200 కోట్ల ఏళ్లకు పైబడినది. రాయి పుట్టినప్పటి నుంచీ దానిలో తిన్నటి పగుళ్లు ఉంటాయి, అడ్డంగా, నిలువుగా. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగి రాయి అరుగుతుంది. మూలలకు రెండు మూడు దిక్కుల నుంచి తగులుతుంది కాబట్టి అవి ముందు పోతాయి, నడుమ మిగిలింది గుండ్రాయి. అంటే మన బండ గుండ్రంగా ఉన్నా దాని పుట్టుక చదరమే. నువ్వు గుండ్రం నుంచి మొదలుపెడుతున్నావు, అందుకే ఆలుగడ్డ అవుతున్నది. ముందు పెట్టెలాగా గీయి. పైముఖం, ఎండ పక్క, నీడ పక్క, మూడు ముఖాలు తేలాలి. తరువాత మూలలు అరగదీయి. రెండు బండల నడుమ పగులు తిన్నగానే ఉండాలి, దాన్ని మెత్తబరచకు. సెజాన్ కొండ చూస్తున్నానన్నావు కదా, మళ్లీ చూడు. ఆయన సెయింట్ విక్టోయిర్ కొండను ఏళ్ల తరబడి వేసింది ఇట్లనే, ముఖాలు ముఖాలుగా.

తరువాత దగ్గరికి పోయి రాయిని చూడు. వాన నీళ్లు ఎప్పుడూ దిగే దారిలో నాచు పట్టి ఎండి నల్లటి చారలు ఉంటాయి, పై నుంచి కిందికి, కింద సన్నబడుతూ. ఆ చార ఒంపు తిరిగిన చోటే బండ ఒంపు తిరుగుతుంది. నాలుగు చారలు సరిగ్గా వేస్తే షేడింగ్ లేకుండానే రాయి గుండ్రం తిరుగుతుంది. రంగుకు బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు), అల్ట్రామెరైన్ (ముదురు నీలం) కలుపు. సియెన్నా ఎక్కువైతే ఎండ పక్క, అల్ట్రామెరైన్ ఎక్కువైతే నీడ పక్క. ట్యూబులో నలుపు ముట్టకు. మధ్యాహ్నం పైముఖం దాదాపు కాగితం తెలుపే. బండ కడుపు కింద నల్లగా ఉంటుందనుకుంటాం, కానీ కింది మట్టి వెలుగు కొట్టి అక్కడ సన్నగా ఒక వెచ్చటి ఎరుపు ఉంటుంది. అది వేస్తే బండ నేల మీద కూర్చుంటుంది.

వరి పచ్చకు లెమన్ ఎల్లోలో కొంచెం అల్ట్రామెరైన్, చివర సియెన్నా ఒక చుక్క. నారుమడి పచ్చకు సియెన్నా వద్దు, అది నిజంగానే కళ్లు మిరుమిట్లు గొలిపే పచ్చ. నాట్లు పడ్డ కొత్తలో పొలమంతా నీళ్లే, పచ్చ గీతలు మాత్రమే. ఈనే వేళకు పచ్చలో పసుపు దిగుతుంది. ఒకే పొలాన్ని వానాకాలం పంటప్పుడు, యాసంగప్పుడు వేసి పక్కపక్కన పెట్టు, అదే నీ గడ్డివాము.

ఎండాకాలం ఆరిపోవడానికి కాగితం వెనక వైపు కూడా తడిపి ప్లాస్టిక్ అట్ట మీద పరుచు. 300 జీఎస్ఎం దళసరి కాగితమైతే తడి నిలుస్తుంది. నీళ్లలో గ్లిజరిన్ రెండు మూడు చుక్కలు వేస్తే ఇంకొంచెం టైమ్ దొరుకుతుంది, ఎక్కువ వేస్తే మాత్రం బొమ్మ ఎప్పటికీ జిగటగా ఉండిపోతుంది. మేలో పొద్దుగాల ఏడున్నర లోపు లేచి రావాలి. గంట పని చాలు.

చెరువు కట్ట గురించి కూడా ఒక మాట. చేర్యాల పటంలో అరలు అరలుగా అమర్చడం చూశారు కదా. కట్ట మీద నిలబడితే మన నేల కూడా అట్లనే ఉంటుంది. ఒక పక్క నీళ్లు పైన, ఇంకో పక్క పొలాలు కింద, నడుమ కట్ట. నీటి మట్టం కన్నా పొలం కిందికి ఉంటుంది. కాకతీయులు పాకాల, రామప్ప కట్టింది అందుకే, తూము ఎత్తితే నీళ్లు తమంతట తాము పారాలి. బొమ్మలో ఈ ఎత్తు తేడా రాకపోతే అది చెరువు కాదు, ఏదో సరస్సు. హాలండ్ చిత్రకారుడు రైస్‌డాల్ హార్లెమ్ ఊరిని వేసినప్పుడు కాన్వాసులో మూడింట రెండు వంతులు ఆకాశానికే ఇచ్చాడు, ఎందుకంటే ఆయన నేల బల్లపరుపు, కథంతా మబ్బుల్లో ఉంది. మనకు కట్ట మీద నుంచి కథ నేలలో ఉంది. నేల అంచును పైకి జరుపు, ఆకాశానికి పావు వంతు ఇచ్చినా చాలు. అలుగు దుంకే రోజుల్లో అయితే మత్తడి దగ్గరికి దిగి వేయి, అప్పుడు ఆకాశం అసలు లేకున్నా ఫర్వాలేదు.

మానేరు గట్టు:

మేడం, మీ మాటతో నా మనసు కొంత మారింది. క్యాలెండర్ బొమ్మ సంగతి నిజమే. నేను ఎల్‌ఎండీ వేసిన ప్రతిసారీ పడవ ఒకటి కుడిచేతి వైపు పెడుతున్నాను, అక్కడ పడవ ఉన్నా లేకున్నా. అయినా బయట కూర్చున్నప్పుడు ఫోన్ వద్దనే అంటాను.

ఒక ప్రశ్న. ఫోన్‌లో కాకుండా అసలు బొమ్మను ఎదురుగా చూడాలంటే మన దగ్గర ఎక్కడికి పోవాలి?

నర్సంపేట డ్రాయింగ్ టీచర్:

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో పొద్దున్నే పో. పడమటి దేశాల బొమ్మల గదుల్లో ఇటలీ చిత్రకారుడు కెనలెట్టో వేసిన వెనిస్ సెయింట్ మార్క్ చౌక్ బొమ్మ ఉంది, దాని ముందు ఎక్కువసేపు నిలబడు. దూరం నుంచి భవనాలు చూడు, తరువాత దగ్గరికి పోయి మనుషులను చూడు. కెనలెట్టో మనుషులు దగ్గర నుంచి చూస్తే రెండు మూడు రంగు మచ్చలే, నాలుగడుగులు వెనక్కి జరిగితే నడుస్తుంటారు. ఫోన్‌లో జూమ్ చేస్తే ఇది తెలియదు, ఎందుకంటే అక్కడ మనం కదలం, బొమ్మ కదులుతుంది. పెన్సిల్, చిన్న పుస్తకం వెంట ఉంచుకో. మన వాళ్ల పని చూడాలంటే మాదాపూర్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది, ఏ ప్రదర్శన నడుస్తున్నదో ముందే కనుక్కుని రెండూ ఒకే రోజు పెట్టుకోవచ్చు, కాకపోతే సాలార్‌జంగ్‌కే పూట సరిపోదు.